ఈజిప్టు దేవాలయములు – తొలినాటి ఛాయాచిత్రములు

రాయి నిలుచునని, కాగితము చివికిపోవునని లోకము తలచును. ఈ నమ్మకము ఒక్కొక్కచోట తలక్రిందగుట కలదు.

ఈజిప్టు దేశమున నైలు నది పడమటి గట్టున అర్మంత్ అను ఊరు కలదు. ప్రాచీన గ్రీకులు దీనిని హెర్మాంథిస్ అనిరి. ఇది ప్రసిద్ధమైన థీబ్సు నగరమునకు ఎగువను కొద్ది మైళ్ల దూరమున ఉన్నది. క్లియోపాత్రా రాణి కాలమున ఆమె కుమారుని జన్మమును పురస్కరించుకొని అచట ఒక చిన్న దేవాలయము కట్టబడెను. క్రీస్తునకు పూర్వము కట్టిన ఆ కట్టడము పందొమ్మిదవ శతాబ్దపు నడుమ వఱకును, శిథిలమై యైనను, స్తంభములతో నిలిచియే యుండెను. 1850 మొదలు పదేండ్లలో ఆ దారిని పోయిన ఛాయాచిత్రకారులు దానికి పటములు తీసిరి. 1860 దాటిన కొలది సంవత్సరములకే అచట చక్కెర కర్మాగారము కట్టుటకు రాయి కావలసివచ్చెను. దేవాలయమును విప్పి ఆ రాతిని వాడుకొనిరి. దాదాపు పందొమ్మిది వందల యేండ్లు ఎండకును ఇసుకగాలికిని ఓర్చిన రాయి అట్లు మాయమయ్యెను. పలుచని కాగితముమీది పటములు మాత్రము యూరపు గ్రంథాలయములలో నేటికిని భద్రముగా ఉన్నవి. ఆ గుడి ఎట్లుండెనో ఎఱుగగోరువారికి, పూర్వపు చిత్రకారుల రేఖాపటములును ఈ ఛాయాచిత్రములును తప్ప వేఱు దిక్కు లేదు.

ఛాయాచిత్రకళ పుట్టిననాడే దానికిని ఈజిప్టునకును ముడి పడినది. 1839వ సంవత్సరము జూలై 3వ తేదీన ఫ్రాన్సు దేశపు ప్రతినిధుల సభలో ఆరగో అను ఖగోళశాస్త్రజ్ఞుడు ఒక నివేదికను చదివెను. డాగెర్ అనునాతడు వెలుతురుచేతనే పటములను వ్రాయించు ఉపాయమును కనిపెట్టెననియు, ప్రభుత్వము అతనికి భరణమిచ్చి ఆ రహస్యమును లోకమునకు వెల్లడి చేయవలెననియు ఆ నివేదిక సారాంశము. దీనివలన ప్రయోజనమేమని సభవారు అడుగుదురు గదా! అందులకు ఆరగో మొట్టమొదట చూపిన ఉదాహరణము ఈజిప్టే. థీబ్సు, మెంఫిస్, కర్ణాక్ మొదలగు చోట్ల గుడిగోడలమీద లక్షలకొలది చిత్రాక్షరములున్నవి. వానికి చేతితో నకలు ఎత్తవలెనన్న చిత్రకారుల దండు ఇరువదులకొలది యేండ్లు పాటుపడవలెను. ఈ యంత్రమున్నచో ఒక్క మనిషి ఆ పనిని నెరవేర్పగలడు. ఇది ఆయన వేసిన లెక్క.

ఆయన దండు అనుట ఊరక కాదు. 1798లో నెపోలియను సైన్యముతో ఈజిప్టునకు పోయినపుడు పండితులను, ఇంజనీర్లను, చిత్రకారులను నూటయేబదిమందికి పైగా వెంటగొనిపోయెను. వారు ఎండలో నిలిచి గుళ్లను కొలిచి, గీసి, శాసనములను ఎత్తి వ్రాసికొని వచ్చిరి. వారి శ్రమ ఫలితముగా ఈజిప్టు వర్ణనమను మహాగ్రంథము 1809 మొదలు 1828 వఱకు సంపుటములు సంపుటములుగా వెలువడెను. గొప్ప పనియే. కాని ఆ గీసినవారిలో ఆ లిపి చదువ నేర్చిన వాడొక్కడును లేడు. చిత్రలిపి గుట్టును షాంపోలియన్ విప్పినది 1822లో గదా! అర్థము తెలియని అక్షరమును ఎత్తి వ్రాయువాడు ఎంత శ్రద్ధాళువైనను తప్పు చేయక తప్పదు. చూచినట్లే వ్రాసితిని, తప్పున్న దోషము నాది కాదని మన వ్రాయసకాండ్రు తాళపత్రముల తుదను విన్నవించుకొనుటయు ఇందుకే. ఉషాకన్య చెలికత్తెయైన చిత్రలేఖ రాజకుమారుల రూపులను ఉన్నవి ఉన్నట్లు వ్రాసి చూపినదట. అట్టి చేయి పురాణములలో దొరకును గాని నైలు గట్టున దొరకలేదు. కనుక వ్రాయువాడు లేకయే వ్రాత సాగునన్న ఆరగో మాటకు సభవారు ముచ్చటపడిరి. అదే సంవత్సరము ఆగస్టు 19వ తేదీన డాగెర్ పద్ధతి బహిరంగముగా ప్రకటింపబడెను.

మూడు నెలలు తిరుగకముందే ఆ యంత్రము ఈజిప్టు చేరెను. హొరేస్ వెర్నే అను పేరుమోసిన చిత్రకారుడును, అతని శిష్యుడు గుపిల్-ఫెస్కేయును 1839 నవంబరు మాసమున అలెగ్జాండ్రియా రేవులో దిగిరి. దేశాధిపతియైన మహమ్మదాలీ పాషా ఎదుటనే ఆయన అంతఃపురపు ముఖద్వారమునకు పటము తీసిరి. ఇది దయ్యపు పని అని పాషా పలికెనని ఆ శిష్యుడు తన గ్రంథమున వ్రాసియున్నాడు. ఆ సమయముననే జోలీ ద లోత్బినియేర్ అను కెనడా దేశపు భూస్వామి మఱియొక యంత్రముతో నైలు నదిమీద పోయి, థీబ్సు మొదలుకొని పైని ఫిలే ద్వీపము వఱకు దేవాలయములకు పటములు తీసెను. ఈజిప్టు గుళ్లకు తొలి ఛాయాచిత్రములు ఇవియే అనవలెను.

ఆ పద్ధతి తెలిసినగాని దాని గుణదోషములు తెలియవు. వెండి పూసిన రాగిరేకును అద్దమువలె మెఱుగుపెట్టి, అయోడిను ఆవిరి పట్టించి, కెమెరా పెట్టెలో నుంచి వెలుతురు చూపుదురు. పిమ్మట పాదరసమును కాచి ఆ ఆవిరి సోకింపగా రేకుమీద రూపము తేలును. ఆ రూపపు సన్నదనము చెప్పనలవి కాదు. భూతద్దముతో చూచినను ఇంకను సన్నని గీతలు కనబడుచుండును. కాని దోషములు రెండు కలవు. మొదటిది, రేకు ఒక్కటే. దానికి నకలు లేదు. అచ్చు వేయవలెనన్న చిత్రకారుడు దానిని చూచి మరల చేతితో చెక్కవలసినదే. జోలీ తెచ్చిన పటములు పుస్తకములలో అట్లే చెక్కడపు బొమ్మలుగా అచ్చైనవి. అసలు రేకులు నేడు కానరావు. చేయి అక్కఱలేదన్న యంత్రము తిరిగి చేతికే పని కల్పించినది.

రెండవ దోషము ఇంకను విచిత్రమైనది. అద్దములో కుడి ఎడమగునట్లు ఆ రేకుమీదను కుడి ఎడమలు తాఱుమాఱగును. కొండకు, గుడికి ఇట్లయిన కొంప మునుగదు. శాసనమునకైనచో? తెలుగు అక్షరము తిరుగబడినచో పసివాడైనను గుర్తుపట్టును. ఈజిప్టు చిత్రలిపి అట్టిది కాదు. దానిని కుడినుండి ఎడమకును వ్రాయుదురు, ఎడమనుండి కుడికిని వ్రాయుదురు. పక్షులు, మనుష్యులు ఏ వైపునకు ముఖము త్రిప్పియుందురో ఆ వైపునుండి చదువవలెను. కావున తిరుగబడిన పటముకూడ సరియైన శాసనమువలెనే కనబడి, ద్వారమునకు ఏ ప్రక్కనున్నది ఏ ప్రక్కకు చేరినదో తెలియక పండితుడు మోసపోవును. సరిదిద్దుటకు కటకము ముందు మఱియొక అద్దమును అమర్చు ఉపాయము లేకపోలేదు గాని దానివలన వెలుతురు తఱిగి, పటము తీయు కాలము పెరుగును. ఇక గుళ్లలోని అక్షరములలో పెక్కు చీకటి గదులలో ఉన్నవి. వెలుతురే కలముగా గల యంత్రము అచట ఏమి వ్రాయును?

ఈ కాలపువారిలో గిరో ద ప్రాంజే అను ఫ్రెంచి ధనికుని తలపక తప్పదు. 1842 మొదలు 1845 వఱకు ఇతడు గ్రీసు, ఈజిప్టు, సిరియా దేశములు తిరిగి ఎనిమిది వందలకు మించిన రేకులు తీసెను. స్తంభము పొడుగునకు తగినట్లు రేకును సన్నగా కత్తిరించి వాడెను. తీసినవానిని పెట్టెలలో సర్ది, చీటీలంటించి, ఇంట పెట్టుకొనెను. లోకమునకు చూపినది స్వల్పము. 1892లో ఆయన మరణించెను. 1920 తరువాత ఆ యింటి సామానుల గదిలో ఆ పెట్టెలు బయటపడువఱకు వాని సంగతి ఎవ్వరికిని పట్టలేదు.

నకలు దొరకు పద్ధతిని ఇంగ్లండులో టాల్బట్ అను విద్వాంసుడు కనిపెట్టెను. రేకునకు బదులు కాగితమునకు వెండి లవణములు పట్టించి దానిమీద తలక్రిందు వెలుగునీడలతో మూలపటమును తీయుట, ఆ మూలమునుండి కావలసినన్ని నకళ్లు వేసికొనుట ఇందలి కీలకము. మూలపటమునే నేడు నెగెటివు అందుము. కాగితపు పీచువలన అంచులు కొంచెము మసకబారును. ఐనను చుట్టి సంచిలో పెట్టుకొనవచ్చును, పగులదు, బరువు లేదు. ఎడారిలో ప్రయాణించువానికి ఇంతకంటె ఏమి కావలెను?

ఈ పద్ధతితో ఈజిప్టునకు పోయి తొలుత గొప్ప గ్రంథము వెలువరించినవాడు మాక్సిం ద్యు కాం. ఇతడు 1849 శరత్కాలమున తన మిత్రుడు ఫ్లోబేరుతో కూడ పారిసునుండి బయలుదేరెను. ఈ ఫ్లోబేరే తరువాతి కాలమున ఫ్రెంచి నవలా రచయితలలో అగ్రగణ్యుడయ్యెను. ఇరువురకును ప్రభుత్వము పనులు అప్పగించెను. ద్యు కాం విద్యాశాఖ పక్షమున దేవాలయములకు, శాసనములకు పటములు తీయవలెను. ఫ్లోబేరు వ్యవసాయ వాణిజ్య శాఖ పక్షమున రేవులలోను, బిడారులలోను సరకుల వివరములు సేకరింపవలెను. మొదటివాడు తన పని చేసెను. రెండవవాడు ఒక్క లెక్కయైన పంపినట్లు కానరాదు. పైపెచ్చు గుళ్లను చూచి చూచి విసుగెత్తినదని తన దినచర్యలో వ్రాసికొనెను. ఐనను శాసనములమీద తడి కాగితమును అదిమి అచ్చు తీయుటలో మిత్రునకు తోడ్పడెను.

ద్యు కాం ఈ విద్యను ప్రయాణమునకు ముందే గుస్తావ్ లె గ్రే అను గురువువద్ద అభ్యసించెను. నేర్చుటకంటె మోయుట కష్టమని ఆయన తరువాత చెప్పుకొనెను. సీసాలు, పళ్లెములు, మందులు కంచరగాడిదల వీపున, ఒంటెల వీపున, మనుష్యుల వీపున మోయింపవలసివచ్చెను. ఆ మనుష్యులలో పేరు మిగిలినవాడు ఒకడు కలడు. అతడు హాజీ ఇస్మాయిలు, వారి నావలోని కళాసి.

గుడి ఎత్తెంతో పటములో తెలియవలెనన్న ప్రక్కన తెలిసిన కొలత యేదైన నుండవలెను. ద్యు కాం కొలబద్దకు బదులు ఈ ఇస్మాయిలును నిలువబెట్టెను. కర్ణాక్ స్తంభముల నడుమను, విగ్రహముల ఒడిలోను, గోడల అంచులమీదను ఈ మనుష్యుడు చీమవలె కనబడుచుండును. పటములో రూపు కుదురుటకు చాలసేపు పట్టును. ఆ సేపంతయు అతడు కదలరాదు. ప్రాణమున్నవాడు కదలకుండునా? అందులకు ద్యు కాం ఒక ఉపాయము పన్నెను. కటకము బిగించిన ఇత్తడి గొట్టము ఫిరంగి యనియు, కదలినచో గుండ్లవాన కురియుననియు చెప్పి అతనిని బెదరించెను. అతడు నమ్మి బిగిసిపోయెను. ఈ ముచ్చటను ద్యు కాం తానే నవ్వుచు వ్రాసియున్నాడు. చదువువారికి మాత్రము నవ్వు రాదు. ఆ పటములను మరల చూచునపుడు, ఆ చిన్న రూపము కొలబద్దగా గాక, ఎండలో రాతిమీద ఊపిరి బిగబట్టుకొని ప్రాణభయముతో కూర్చున్న మనుష్యుడుగా కనబడును. ఎన్ని గోపురముల ఎత్తులు అతని నిలువుతో కొలువబడెనో! గొలుసు పట్టినవానికైనను కూలి లెక్కలో ఒక పంక్తి యుండును. అతని భయము ఏ లెక్కలోను చేరలేదు.

1850 మార్చి మాసాంతమున వారు నూబియాలోని అబూ సింబెల్ చేరిరి. రెండవ రామెసెస్ చక్రవర్తి కొండను తొలిపించి చేయించిన గుడి యది. తూర్పు ముఖముగా నాలుగు మహావిగ్రహములు, ఒక్కొక్కటి అఱువది అడుగులకు మించి, కూర్చున్నవి. అందు రెండవదాని తలయు మొండెమును పూర్వమే విరిగి క్రింద పడినవి. 1817లో బెల్జోనీ ఇసుక త్రవ్వి ద్వారమును తెఱపించెను గాని ఎడారి ఇసుక మరల జాఱి వచ్చి విగ్రహములను కప్పివేసెను. ద్యు కాం నావలోని వారిచేత కొంత ఇసుక తీయించి పటములు తీసెను. వానిలో ఒకటి జగత్ప్రసిద్ధము. మహావిగ్రహముయొక్క కిరీటముమీద ఒక మనుష్యుడు చిన్న పిట్టవలె కూర్చుండును. క్రింద రామెసెసు ముఖము ప్రశాంతముగా ఎదుటి నదిని చూచుచుండును.

ఆయన తెచ్చిన మూలపటములు రెండు వందలకు మించును. వానినుండి ఏరిన 125 పటములతో 1852లో పారిసున గ్రంథము వెలువడెను. నకళ్లను లీల్ నగరము చెంత బ్లాంకార్-ఎవ్రార్ నడపిన అచ్చుశాలలో వేయించిరి. చేతి చెక్కడములు గాక అచ్చమైన ఛాయాచిత్రములనే అతికించి వెలువరించిన మహాగ్రంథములలో ఇది తొలివాటిలోనిది. ఇంత చేసినవాడు ఆ పనిని ప్రేమించెనా అన్న, లేదు. తిరుగుదారిని బేరూతు నగరమున తన యంత్రమును మందులతో సహా ఒకనికిచ్చివేసి, బదులుగా బంగారు జరీ పనిచేసిన గుడ్డలు పుచ్చుకొనెను. మరల కెమెరా ముట్టలేదు.

ఆయన వెనుకనే తెనార్ అను గ్రెనోబుల్ పట్టణపు ఇంజనీరు 1851-52లో పోయి, నెపోలియను పండితుల మహాగ్రంథమునకు అనుబంధముగా 160 పటముల గ్రంథమును సిద్ధపఱచెను. అది 1858 నాటికి పూర్తియయ్యెను. పిమ్మట గ్రీన్ అను యువకుడు వచ్చెను. ఇతడు ఫ్రాన్సులో పుట్టి పెరిగిన అమెరికా వాడు, ధనికుని బిడ్డ, లె గ్రే శిష్యుడు. పైవారికి లేనిది ఇతనికి ఒకటి యుండెను: చిత్రలిపిని చదువ నేర్చెను. కనుక అందమైన కోణము వెదకుటకంటె శాసనము చదువ వీలగు దూరమున నిలుచుట ఇతనికి ముఖ్యమయ్యెను. 1854లో తన నైలు పటములను ప్రకటించెను. 1855లో థీబ్సు చెంత మెదీనత్ హాబూ దేవాలయమున త్రవ్వకములు జరిపి, త్రవ్విన కొలది పటములు తీసి ప్రచురించెను. త్రవ్వినపుడే పటము తీయవలెనన్న నియమము నేడు ప్రతి పురావస్తు శాఖయు పాటించుచున్నది. దానికి దారి చూపినవారిలో ఇతడు మొదటి వరుసవాడు. మఱుసటి యేడు, ఇరువది నాలుగేండ్ల ప్రాయమున, కైరోలో మరణించెను.

కాగితపు మసకను పోగొట్టినది గాజుపలక. 1851లో ఇంగ్లండున ఆర్చర్ ప్రకటించిన తడిపలక పద్ధతితో రేకునకున్న సన్నదనమును, కాగితమునకున్న నకలును ఒక్కచోట చేరినవి. దాని కష్టమును దానికి కలదు. కొలోడియన్ అను జిగురుమందును గాజుపై పోసి, వెండి నీటిలో ముంచి, తడి ఆరకముందే పటము తీసి, అప్పటికప్పుడే చీకటిలో కడుగవలెను. చలిదేశపువాడు కనిపెట్టిన ఈ పద్ధతిని నూబియా ఎండలోనికి తీసికొనిపోయినవాడు ఫ్రాన్సిస్ ఫ్రిత్. ఇతడు లివర్పూల్ నగరమున కిరాణా వర్తకము చేసి, లాభమునకు అమ్మివేసి, 1856 మొదలు 1860 లోపల ముమ్మాఱు ఈజిప్టు పర్యటించెను. మూడు కెమెరాలు తెచ్చెను. అందు పెద్దదాని గాజుపలక ఇరువది అంగుళముల పొడవు, పదునాఱు అంగుళముల వెడల్పు. డేరాలో వేడికి మందు గాజుమీద పోయుచుండగనే సలసల మఱగెడిదట. ఇసుక రేణువొకటి పడిన పలక పాడు, ఈగ వాలిన పాడు. కొన్నిచోట్ల ప్రాచీనుల రాతి సమాధులనే చీకటిగదులుగా వాడుకొనెను. తెరగుడ్డ కప్పిన అతని బండిని చూచి, అందులో దొరవారి అంతఃపురస్త్రీలు ఉన్నారు కాబోలునని ఊరివారు గుసగుసలాడుకొనిరని అతడు వినోదముగా వ్రాసెను. అతని ఈజిప్టు, పాలస్తీనా పటముల గ్రంథము 1858 మొదలుకొని భాగములుగా వెలువడి యిల్లిల్లు చేరెను.

ఈ పటములను నేడు పరిశీలించువారికి, తీసినవారు తలపెట్టని లాభ మొకటి కనబడుచున్నది. ఎడ్ఫూ దేవాలయమును గ్రహింపుడు. ఆ పదేండ్ల పటములలో దాని లోపలి స్తంభములు బోదెల వఱకు ఇసుకలోను పెంటలోను పూడియుండును. పైకప్పుమీద ఊరివారి మట్టియిండ్లు ఉండెను. పశువులు, గాదెలు, పిల్లలు ఆ గుడిమీదనే. 1860లో మారియెత్ అను ఫ్రెంచి పండితుడు ఆ యిండ్లను తీయించి గుడిని బయల్పఱచెను. లుక్సారులోను అదే జరిగినది. గుడిలోపల నున్న ఊరిని 1880 తరువాత కొద్దికొద్దిగా ఖాళీ చేయించిరి. అబుల్ హగ్గాగ్ మసీదు మాత్రము నేటికిని ఆ స్తంభములమీద నిలిచియున్నది. 1862 నుండి లుక్సారులోనే కాపురముండిన అంతోనియో బియాతో తీసిన పటములలో ఆ పాత ఊరు కనబడును. (ఇతని సోదరుడు ఫెలిచే బియాతో 1858లో లక్నో నగరమున, సిపాయి యుద్ధమున కూలిన మేడలకు పటములు తీసినవాడు.) ఛాయాచిత్రకారులు రాజుల శాసనములకొఱకు పోయిరి, వారికి తెలియకయే రైతుల యిండ్లు పలకమీద పడినవి. శాసనము ఇప్పటికిని గోడమీదనే ఉన్నది. ఇండ్లు ఆ పలకమీద తప్ప లేవు.

ఇక ఆరగో వేసిన లెక్కను సరిచూడవలెను. ఒక్క మనిషి చాలునా? చాలలేదు. దానికి ఫిలే ద్వీపమే సాక్షి. అచటి మండపమున స్తంభముల తలలమీద పచ్చని, నీలపు రంగులు రెండువేల యేండ్లనాటివి మెఱయుచుండెను. 1902లో ఆస్వాను చెంత మొదటి ఆనకట్ట పూర్తి కాగా ఆ ద్వీపము ఏటేట నెలలకొలది నీట మునిగెను. ఆ రంగులు కరగిపోయినవి. పై చెప్పిన ఛాయాచిత్రములన్నియు నలుపు తెలుపులే గదా. రంగును ఒక్కటియు దాచలేదు. దాచినవారెవరు? నెపోలియను వెంట పోయిన చిత్రకారులును, కెమెరా పుట్టుటకు సరిగా ముందు 1838-39లో నైలుమీద ప్రయాణించిన డేవిడ్ రాబర్ట్స్ అను స్కాట్లండు చిత్రకారుడును. పనికిరాదని ఆరగో త్రోసివేసిన చేతివ్రాతయే అచట అక్కఱకు వచ్చినది.

శాసనముల విషయమును అంతియే. చెక్కడములలో కొన్ని అరిగినవి, కొన్ని చెక్కినవానిమీద మరల చెక్కినవి. వెలుతురు ఒక ప్రక్కనుండి పడిన ఒక గీత కనబడును, వేఱొక ప్రక్కనుండి పడిన మఱియొకటి కనబడును. ఏది అక్షరము, ఏది రాతి పగులో కెమెరా ఎఱుగదు. 1924లో అమెరికా పండితుడు బ్రెస్టెడ్ లుక్సారులో షికాగో విశ్వవిద్యాలయము పక్షమున ఒక శాఖను నెలకొల్పి ఈ చిక్కునకు మార్గము చూపెను. ముందు గోడకు ఛాయాచిత్రము తీసి పెద్దది చేయుదురు. చిత్రకారుడు ఆ పటమునే గోడయొద్దకు తీసికొనిపోయి, కనబడిన ప్రతి గీతను దానిపైననే పెన్సిలుతో గీయును. పిమ్మట సిరాతో దిద్దును. అపుడు మందునీటిలో ముంచగా ఛాయాచిత్రము చెఱగిపోయి సిరాగీతలు మాత్రము మిగులును. దాని నకలును తునకలుగా కత్తిరించుకొని లిపి పండితులు ఒకరి తరువాత ఒకరు నిచ్చెనలెక్కి గోడతో సరిచూతురు. వారు చెప్పిన సవరణలను చిత్రకారుడు మరల గోడయొద్ద పరీక్షించును. ఒక గోడకు ఇందఱు! మెదీనత్ హాబూ తొలి సంపుటము 1930లో గాని వెలువడలేదు. శతాబ్దమైనను ఆ శాఖ పని ఇంకను సాగుచునే యున్నది. ఇరువదులకొలది యేండ్లు పట్టునని ఆరగో భయపెట్టిన కాలము కెమెరా వచ్చిన పిదపను పట్టినది. వచ్చినది వేగము గాదు, సత్యము.

తెలుగుదేశమునకు ఈ కథ పరాయిది కాదు. అమరావతి స్తూపపు పాలరాతి పలకలను ఊరివారు కట్టడములకు వాడుకొనుచు, సున్నమునకు కాల్చుచు నుండగా, 1816-17లో కర్నల్ మెకంజీ తన చిత్రకారులచేత వానిని గీయించెను. ఆ గీసినవానిలో కొన్ని పలకలు తరువాత ఎవ్వరికిని దొరకలేదు, గీతలే మిగిలినవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మద్రాసు చేర్చిన పలకలకు, 1858లో కెప్టెన్ ట్రైప్ అనునాతడు మ్యూజియములో ఛాయాచిత్రములు తీసెను. ఆ మఱుసటి యేడు వానిలో పెక్కింటిని ఓడమీద లండనునకు పంపివేసిరి. నైలు గట్టు పటములతో తెనార్ గ్రంథము పూర్తియై, ఫ్రిత్ గ్రంథము వెలువడ నారంభించినదియు ట్రైప్ పటములు తీసిన ఆ 1858లోనే.

1960లో ఆస్వానున ఎగువ ఆనకట్ట పని ఆరంభమైనపుడు, నూబియాలోని దేవాలయములన్నియు శాశ్వతముగ మునుగవలసి యుండెను. యునెస్కో సంస్థ పిలుపుపై పెక్కు దేశములు చేయూతనిచ్చెను. ఛాయాచిత్రములనుండియే కొలతలు రాబట్టు నూతన పద్ధతితో గుళ్లను అంగుళమంగుళము నమోదు చేసిరి. ఇప్పుడు ఎత్తు తెలిసికొనుటకు మనుష్యుని భయపెట్టి నిలువబెట్టవలసిన పని లేకపోయెను. 1964 మొదలు 1968 వఱకు అబూ సింబెల్ గుడిని వేయికి మించిన రాతి దిమ్మలుగా కోసి, రెండు వందల అడుగులకు పైని గట్టుమీద మరల కూర్చిరి. హాజీ ఇస్మాయిలు తిరుగాడిన ఆ తావు నేడు జలాశయపు నీటిలో ఉన్నది. అతనిని మోసిన కిరీటము మాత్రము గట్టుమీద ఎండలో ఉన్నది. పూర్వము విరిగిపడిన రెండవ విగ్రహపు తలను అతికింపవచ్చునా అని తలచినవారు లేకపోలేదు. కాని అతికింపలేదు. అది పూర్వము ఏ దిక్కున ఎట్లు పడియుండెనో ఆ దిక్కుననే, ఆ రీతిగనే, క్రొత్త తావున విగ్రహపు పాదములముందు పడవేసి యుంచిరి.